బఠాణీ వీధి, పదకొండో నంబరు

టార్టు ఊళ్ళో మా పేట పేరు సూప్ పేట.
వీధులన్నీ కూరగాయలే:
బంగాళాదుంప, చిక్కుడు, బఠాణీ.
బఠాణీ వీధి పదకొండులో, చెక్కింట్లోంచి,
డెబ్భై తొమ్మిదేళ్ల వైకె కబురు పెట్టింది.

బల్ల మీద మూడు కరపత్రాలు.
ఒకటి గ్యాసు, ఒకటి రంపపుపొట్టు గుళికల పొయ్యి,
మూడోది గోడకు తగిలించే హీట్ పంపు.
మూడింటి మీదా పడుకుని పిల్లి.
"అమ్మొచ్చిన కుర్రాడు పద్నాలుగు కిలోవాట్లు కావాలన్నాడు.
ఉన్నదాన్ని ఒక్కదాన్ని, అంత దేనికి?"

నేను అమ్మేవాణ్ణి కాను,
చిల్లులు లెక్కపెట్టేవాణ్ణి.
వీధి గుమ్మానికి ఎర్రగుడ్డ బిగించి
నడుమ ఫ్యాను పెట్టి
లోపలి గాలిని బయటికి లాగాను.
ఇల్లు డొక్కలెగరేసింది.

పొగపుల్ల పట్టుకుని గది గదీ తిరిగాను.
నిటారుగా లేస్తున్న పొగ
బీరువా వెనక ఉలిక్కిపడింది.
గడప దగ్గర తల తిప్పుకుంది.
అటక మెట్ల కింద ఒకటే పరుగు.
పలక ఊడదీస్తే నాచు, నాచు వెనక
నలభై ఏళ్లనాటి పేపరు.
పాల ఉత్పత్తి పెరిగిందన్న వార్త
చెమ్మకి ముద్దకట్టి ఉంది.

"ఎండెల్ కుక్కాడు" అంది.
"ఏటా అక్టోబరులో ఒక కట్ట."

జనవరిలో మైనస్ ఇరవై రెండు,
రోజుకి మూడు మోపుల బిర్చి కట్టెలు.
నిరుడు జూలైలో ముప్పై మూడు.
నేలమాళిగలో దుంపల బస్తాల పక్కన పడుకుందిట.
"ఈ వయసులో మొలకలొస్తాయేమోనని భయమేసింది."

చెప్పాను:
ఆ పెట్టె వేడి పుట్టించదమ్మా, మోసుకొస్తుంది.
మంచులోనూ కాస్త వేడుంటుంది, ఏరుకొస్తుంది.
ఒక వంతు కరెంటు కూలికి
మూడు వంతులు దింపుతుంది,
మరీ గడ్డకట్టిన రాత్రి రెండే.
వేసవిలో అదే కూలీ, అదే బాట, ఎదురు నడక.
కానీ చిల్లుకుండకి ఎంత పెద్ద చెంబయితే ఏం?
ముందు గోడలు మూద్దాం, అటక కప్పుదాం,
ఆపైన ఐదు కిలోవాట్లు చాలు.
ఇటుక పొయ్యి ఉండనీ, కరెంటు పోయిన రోజుకి.

సుద్దముక్కతో గుర్తులు పెడుతూ పోయాను.
ఇరవై ఆరు.
ఇరవై ఏడోది కిటికీ చట్రంలో,
పెన్సిలు దూరేంత, గుండ్రంగా.

వైకె అరచెయ్యి అడ్డం పెట్టింది.
"ఇది వద్దు."

ఎండెల్ తొలిచాడట, యాంటెన్నా తీగ కోసం.
అర్ధరాత్రి దుప్పటి కింద రేడియో,
గరగరల్లోంచి దూరదేశపు గొంతు,
పక్కింటివాడు వింటే ఉద్యోగం ఊడే రోజులు.
తీగ తుప్పుపట్టి ఎప్పుడో రాలిపోయింది.

లెక్క వేశాను.
"దీంట్లోంచి ఏడాదికి నాలుగు యూరోల వేడి పోతుంది."
"రాసుకో. కడతాను."

ఫ్యాను ఆపాను. పిల్లి అటు తిరిగి పడుకుంది.
మూయని చిల్లుకి కారణం రాయాలి,
మా ఫారంలో దానికో గడి ఉంటుంది.
రేడియో అని రాశాను.