యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ

గ్రిమ్స్‌బీ లైబ్రరీలో మంగళవారం రాత్రి క్లాసు.
ఎంత కడిగినా చేపల వాసన పోని వేళ్ళతో
యుర్గిత ఇంటి ఓనరుకి రాస్తోంది:
గోడకి బూజు, పిల్లాడికి దగ్గు.

పేరు తెలియకపోతే ‘ఫెయిత్‌ఫుల్లీ’,
తెలిస్తే ‘సిన్సియర్లీ’ అన్నాను.
మొహం చూడనివాడికా విశ్వాసం, అని నవ్వింది.
‘దగ్గు’ కొట్టేసి
‘అసౌకర్యం’ అని దిద్దాను.

మూడు వారాలకి జవాబు:
‘అసౌకర్యానికి చింతిస్తున్నాము.’
సంతకం లేదు.

ఇవాళ ఈమెయిల్ పాఠం.
కార్డిఫ్ వెళ్ళిపోయిన హోదన్‌కట,
ఆరేళ్ళు పక్క బల్ల మీద చేపలు కోసిన మనిషి.
ఈమెది లిథువేనియన్, ఆమెది సోమాలీ,
మధ్యన ఈ అరువు ఇంగ్లీషు.

‘హాయ్. నీ కత్తి నా దగ్గరుంది.
రోజు నూరుతున్నాను.’

కింద ఏం రాయాలి, అంది.
ఎర్ర పెన్నుకి మూత పెట్టి
నాకూ తెలీదన్నాను.