పైపు పగిలింది

రాత్రి రెండూ పది.
ఉలాన్‌బాతర్, మూడో నంబరు వేడినీళ్ల కేంద్రం.
బయట మైనస్ ముప్ఫై నాలుగు.
తెర మీద రెండే మాటలు: పైపు పగిలింది.

డ్యూటీలో ఉన్న గాన్‌సుఖ్‌కి ఇంకేం కావాలి?
పైపంటే అతనికి
మనిషి దూరేంత ఇనుప గొట్టం.
పగిలితే పదకొండు వేల గదులు
తెల్లారేసరికి గడ్డకడతాయి.
ఫోనెత్తాడు.
వెల్డర్ చులూన్ ముఠా
గడ్డపారలూ గ్యాసుబండా వేసుకుని
బొగ్గుపొగలోకి పోయింది.

నన్ను లేపింది ఆ తర్వాత.
"సరన్‌గెరెల్, నీ మిషనేదో కూస్తోంది, చూడు."
చూశాను.
పగిలింది ఆ పైపు కాదు.

ఎలా చెప్పను?
ఇక్కడొక లాగ్ డీమన్ ఉంది.
దెయ్యం కాదు, గుమాస్తా.
ఏ వాల్వు దగ్గర ఎంత వేడో, ఎంత ఒత్తిడో
పగలూ రాత్రీ ఒకే గొంతుతో అప్పజెబుతుంది.
అది చెప్పింది ఇంకో ప్రోగ్రాం వింటుంది,
గీత దాటితే గంట కొడుతుంది.
రెంటి మధ్యా ఒక పైపు.
ఇనుముండదు, తుప్పుండదు,
ఇటు నోరు, అటు చెవి, అంతే.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు.
ఇక్కడ ఆ సామెత చెల్లదు.
చెవి పోతే
మరుమాటకి నోరే చస్తుంది.

సరే, చెవికేమైంది?
డిస్కు నిండిందా, నిండలేదు.
అనుమతులు? ఉన్నాయి.
నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా రెండుసార్లు చదివాను,
హాజరు పట్టీలో రాని పిల్లాడి కోసం చూసినట్టు.
డీమన్‌ని లేపాను. ఒక్క వాక్యం పలికి పడిపోయింది.
మళ్లీ లేపాను. మళ్లీ.
మూడోసారి లేపడం తెలివితక్కువని తెలుసు,
చేతులు ఊరుకోలేదు.

లాగిన్ల చిట్టాలో దొరికింది.
సాయంత్రం ఆరుంబావుకి ప్యురెవ్‌దోర్జ్
వినే ప్రోగ్రాంని ఇంటినుంచి
తన కిటికీలోనే, చేత్తో మొదలెట్టాడు.
రెండూ ఎనిమిదికి నిద్రొచ్చి కిటికీ మూశాడు.
దాంతోపాటే చెవీ మూసుకుంది.
పాపం, దీపం ఆర్పాననే అనుకుని ఉంటాడు.

ఎవరి కిటికీ మీదా ఆధారపడకుండా రాసి,
ముందు చెవిని, తర్వాత నోటిని లేపాను.
నాలుగో వాల్వు, డెబ్భై ఒకటి.
ఐదో వాల్వు, అరవై తొమ్మిది.
రెండూ ఎనిమిది నుంచి రెండూ యాభై దాకా
ఖాళీ.
ఆ నలభై రెండు నిమిషాలు నీళ్లెలా నడిచాయో
ఏ యంత్రానికీ తెలీదు.

చులూన్ తిరిగొచ్చాడు, కనుబొమల నిండా మంచు.
ఆరు మ్యాన్‌హోళ్లు తెరిచాడట.
"ఎక్కడ కారింది?"
తెర చూపించాను. చాలాసేపు చూశాడు.
"ఏం కారింది?"
"మాటలు."
"అయితే గ్యాసుబండ దించేస్తా."

ఉప్పు టీ పోసుకుంటూ అన్నాడు:
"నాలుగో దాంట్లో ఒకడు
పైపుకి వీపానించి పడుకున్నాడు.
మూత తీస్తే చలొస్తోందని
మా అమ్మనీ నాన్ననీ కలిపి తిట్టాడు."
"ఎన్నింటికి?"
"రెండున్నరై ఉంటుంది. ఏం?"

కాగితం తీసి రాశాను:
రెండున్నర, నాలుగో మ్యాన్‌హోలు.
పైపు వేడిగానే ఉంది.