తాలు

ముప్ఫై ఏళ్ళుగా గుంటూరు మిర్చి యార్డులో
తొడిమెలు తుంచి తాలు ఏరిన చేతులివి.
కళ్ళు మూసుకునే చెప్పేస్తా
ఏది తేజ, ఏది బాడిగ, ఏది నిరుటి సరుకో.
ఈ చేతుల మీదే నీలం మచ్చలొస్తే
టిక్కీ తగిలిందనుకున్నా.
పళ్ళు తోముకుంటే నెత్తురు పడితే
బ్రష్షు కొత్తదనుకున్నా.
జ్వరానికి ఆరెంపీ సూది చాలనుకున్నా.
మూడు వారాలు. అంతే.

పెద్దాసుపత్రిలో తుంటి ఎముకలోకి సూది దింపి
మూలుగు తీశారు.
ఆ మాటకి నాకు తెలిసిన అర్థం ఒకటే:
రాత్రుళ్ళు మా అమ్మీ మూలిగేది.
ఎముకలోనూ ఒక మూలుగుంటుందని,
నెత్తురంతా అక్కడే పుడుతుందని
నలభై ఆరో ఏట తెలిసింది.

డాక్టరమ్మ కాగితం మీద గుండ్రాలు గీసింది.
తెల్ల కణాలట, ఎదక్కుండానే దిగుతున్నాయట,
పని చెయ్యవు, చోటు వదలవు,
ఎర్రవాటిని పుట్టనివ్వవు.
"తాలు" అన్నాను.
ఆమెది శ్రీకాకుళం వైపు, అర్థం కాలేదు.
పండాల్సింది పండక తెల్లబోయిన కాయ, అమ్మా.
పిడికెడుంటే ధర పడిపోద్ది,
మరి టిక్కీ అంతా అదే అయితే?
పెన్ను ఆపి నవ్వింది:
"నాకంటే బాగా చెప్పావు మస్తాన్‌బీ."

ఎందుకొచ్చిందంటే మాత్రం నవ్వలేదు.
ఘాటు పీల్చినందుకా?
"చెప్పలేం."
మరి రక్తం గది వరండాలో ఏడేళ్ళవాడు,
కారం ముద్ద కూడా సరిగ్గా తినలేనివాడు,
వాడేం పీల్చాడు?
"అదీ చెప్పలేం."

వాడి పేరు తేజ. వినగానే నవ్వొచ్చింది,
తర్వాత రాలేదు.
జబ్బు పేరొకటేనట, దారులు వేరట.
పసి ఒళ్ళు గట్టి మందుకి ఓర్చుకుంటుందట,
నాకు చూసి చూసి ఎక్కిస్తారట.
ఒకే విత్తనమైనా
ఏ మడి కాపు ఆ మడిదే.

మూడు రోజులు ఎర్ర మందు,
ఏడు రోజులు రంగు లేని మందు.
గుంటూరుదానికి ఎరుపంటే భయమా?
పదో రోజుకి నోరు పూసింది.
చప్పిడి గంజి గొడ్డుకారమైంది.
జుట్టు, దిండు మీద తొడిమెల పోగు.

ఇవాళ మళ్ళీ మూలుగు తీశారు. ఫలితం సోమవారం.
వరండా అవతల నుంచి మాస్కులో అరిచాడు వాడు:
"అత్తా, నీ తాలు ఏరేశారా?"
ఏరుతున్నార్రా.
ఒక్క చూపుకి పోయేది కాదది,
అడుగు దాకా తిరగేసి మళ్ళీ ఏరాలి.
"మరి నీదో?"

చెయ్యెత్తి చూపించాడు.
అయినవో, మిగిలినవో,
నాలుగు వేళ్ళు,
సగం మడిచిన బొటనవేలు.