చేంతాడు

గుంటూరు బస్టాండు ఎంక్వైరీ కిటికీ వెనక
పదకొండేళ్ళుగా కూర్చుంటున్నాను.
రోజుకి పదిసార్లు, ఎవరో ఒకరు
చెమట తుడుచుకుంటూ అంటారు:
“క్యూ చూశావా అమ్మా, కొండవీటి చేంతాడంత!”

ఎంత పొడుగండీ అది, అని ఒకాయన్ని అడిగాను.
చిల్లర లెక్క చూసుకుంటూ
“ఏమో, సామెత కదా” అన్నాడు.

ఆ కొండ ఇక్కడికి గంట దూరం.
హంపీకి బస్సు అడుగుతారు, అరకుకి అడుగుతారు,
పాస్‌పోర్టు ఫైలు చంకన పెట్టుకుని
మంచుదేశాలకి విమానం దొరికే ఊళ్ళకి అడుగుతారు.
కొండవీడు బస్సుని నేను మైకులో పిలిస్తే
ఇద్దరు గడ్డిమోపులవాళ్ళూ ఒక మేకా లేస్తారు.

కార్తీకం ముందు ఆదివారం బయల్దేరాం.
నేను, పార్సిలాఫీసు సందానీ,
ఫిరంగిపురం డ్రాయింగు మాస్టారు ఏసుపాదం.
సందానీ భుజాన తాడు చుట్ట,
మిర్చి టిక్కీలు కట్టేది, దగ్గరికెళితే తుమ్ము.
“ముప్ఫై బారలు” అన్నాడు చేతులు చాపి.
సందానీ చేతులు పొడుగు.
ఆ లెక్క మీద తర్వాత గొడవపడ్డాం.

ఘాట్ రోడ్డు వద్దన్నారు మాస్టారు.
పాత మెట్లదారి. చాలాచోట్ల
మెట్లు పోయాయి, దారి మిగిలింది.
బలుసుముళ్ళు చున్నీ పట్టుకుని ఏ ఊరని అడిగాయి.
సీతాఫలాలు కళ్ళు విచ్చి చూస్తున్నాయి,
అప్పటికే ఉడతలు రుచి చూసినవి.

బురుజు కూలినచోట రాతిమీద అక్షరాలు.
“స్వస్తిశ్రీ” దాకా చదివి ఆగారు మాస్టారు.
తర్వాతి అక్షరం మీద తొండ పడుకుంది.
అది లేచేదాకా
మేం ముగ్గురం, ఆ రాజుగారూ, ఆగాం.

అక్కణ్ణించి చూస్తే కింద పత్తి తెలుపు, మిర్చి పచ్చ,
మధ్యలో చెరువు ముక్కలు, ఊళ్ళు.
ఆ ఊళ్ళన్నిటినీ మైకులో పేరుపెట్టి పిలిచినదాన్ని
ఏది ఏదో ఒక్కటీ చెప్పలేకపోయాను.

బావి తుమ్మపొదల వెనక ఉంది.
గట్టురాయి మీద తాళ్ళు రాసి రాసి పడ్డ గాళ్ళు,
నా వేలు మొదటి కణుపుదాకా దిగింది.
ఏ ఆడవాళ్ళవో, ఎన్ని తెల్లవారుజాములవో,
వాళ్ళకి ఏ స్వస్తిశ్రీ లేదు.

సందానీ తాడుకి రాయి కట్టి వదిలాడు.
ఐదు, పది, పదిహేను,
పద్దెనిమిది దగ్గర లోపల్నించి పావురాలు
గొడుగు విప్పినట్టు లేచాయి.
ముప్ఫై. తాడు అయిపోయింది.
నా చున్నీ ముడేశాం, మాస్టారి తువ్వాలు ముడేశాం,
సందానీ బోర్లా పడుకుని చెయ్యి కూడా దింపాడు.
చప్పుడు లేదు.

అప్పుడొచ్చింది వాన, నరసరావుపేట వైపునుంచి.
ఫోన్లు తడిసి చచ్చాయి. దారి వాగైంది.
చీకట్లో సందానీ ఏమీ అనకుండా
తాడు నా నడుముకి చుట్టాడు, మాస్టారికి, తనకి.
అతను జారితే మేం వెనక్కి వాలాం,
మేం జారితే అతను కొండని కరుచుకున్నాడు.
మాస్టారు తాడు ఒకసారి లాగేవారు, ఉన్నారా అని.
నేను రెండుసార్లు లాగేదాన్ని.
తడికి తాళ్ళో మిర్చి ఘాటు మేలుకుని
నడుం భగ్గున మండింది.

తెల్లారేసరికి దిగింది అవతలివైపు, పుట్టకోట.
గొర్రెలు కాసే అంకమ్మ, పదేళ్ళుంటాయేమో,
మమ్మల్నీ ముడుల్నీ చూసి అడిగింది:
“మిమ్మల్నెవరు కట్టేశారు?”

మంగళవారం కిటికీ ముందు ఒకాయన,
“క్యూ కొండవీటి చేంతాడంత ఉందమ్మా!”
“లేదండీ” అన్నాను. “అంత లేదు.”

కౌంటరు కింద తాడు ఆరుతోంది.
నా బారల్లో అది ముప్ఫై నాలుగు.
సందానీ ఇంకో ఇరవై అతికిస్తానన్నాడు.
మైకు నొక్కి కొండవీడు బస్సుని పిలిచాను.
మేక లేచింది.