కాన్పు పద్దు

మక్తల్ బస్టాండు ఎనక మీసేవల
కిటికీ పక్క కుర్చీ నాది.
పదకొండేండ్ల సంది టోకెన్లు పిలుస్తున్న.
ఆ దినం ముప్పై నాలుగో నంబరుకు
ఒక పిల్ల లేచింది. చేతిల పాలిథిన్ సంచి, ఎనక వాళ్లమ్మ.

ఆధార్ల మనెమ్మ. టీసీల మునెమ్మ.
రేషన్ కార్డుల ఉత్త మణి.
ముగ్గురు అక్కచెల్లెండ్లను సంచిల ఏసుకొని
ఒక్క పిల్ల నిలవడ్డది నా ముందర.

జడ్చర్ల మందుల కంపెనీల పనంట,
గోలీలు డబ్బాలల్ల నింపాలె.
"పుట్టిన సర్టిఫికెట్ తెమ్మన్నరక్కా.
పదిహేను దినాలే టైమిచ్చిన్రు."

ఆధార్ల జనవరి ఒకటి అని ఉన్నది.
నవ్విన. నవ్వొద్దుండె.
మా దిక్కు సగం మంది ఆ దినం పుట్టినోళ్లే.
క్యాంపు పెట్టినోనికి పొద్దువోతుండె,
అందరికీ ఒక్కటే పుట్టినదినం పంచిపోయిండు.

"యాడ పుట్టింది?"
ఆశమ్మ చెయ్యి పడమటికి లేచి ఆడనే ఆగింది.
"కాలువ కాడ."
ఏ కాలువ?
"పెద్దది. రాళ్లు నల్లగుంటుండె. మరాఠోళ్ల మాట."
ఏ నెల?
"మిషిను చెడిపోయి నాలుగొద్దులు పని బందైంది సూడు,
ఆ వారం. అందుకే పండుకోనీకె దొరికింది నాకు."

దినం, నెల, సంవత్సరం. మూడే గడులు.
మిషిను చెడిపోయిన వారానికి
నా కంప్యూటర్ల జాగ లేదు.

ముప్పై ఐదు పిలవాలె.
పిలవలే.
"మీ గుంపు మేస్త్రీ ఎవరు?"
ఆ పేరు నోట్ల నుంచి రానీకె సేపు పట్టింది.
తాయప్ప.
అప్పు తీరి తొమ్మిదేండ్లైనా
ఆయన గల్లీలకెళ్లి నడవదట.

ఆదివారం నా స్కూటీ మీద ముగ్గురం పోయినం.
తాయప్పకు ఇప్పుడు కండ్లు కనవడవు.
మనవడు ఇనుప పెట్టె తీసిండు:
ఎర్ర అట్ట పుస్తకాలు, ఏడాదికొకటి,
అంచులు ఎలుకలు కొరికినయి.
"నేనెవ్వరికీ అన్యాయం జేయలే. అన్నీ రాసి పెట్టిన."
ఎవ్వరం ఏమనలే.

పేజీలు తిప్పుతుంటే ఊరు ఊరంతా
రూపాయల లెక్కన కనవడ్డది.
జొన్నలకు అరవై. బస్సు కిరాయి నూటపది.
చచ్చిన ఎద్దుకు వెయ్యి.
మూడో పుస్తకంల, నీలి సిరాతోని:
"ఆశమ్మ. కాన్పు ఖర్చు ఐదువందలు. ఆడపిల్ల.
మార్చి పందొమ్మిది. రెండు దినాలు నాగా, కోత."

నేను గట్టిగ చదివిన.
మనెమ్మ సప్పుడు జేయకుంట ఆ అచ్చరాల మీద ఏలు పెట్టింది.
అప్పుడు ఆశమ్మ అన్నది:
"మిషిను నడువని దినాలకు నాగా ఎట్లేసినవు, తాయప్పా?"

గోడకు ఒరిగిన మనిషి తల ఇటు తిప్పిండు, గొంతు దిక్కు.
నాకు భయమైంది.
పద్దు తప్పైతే తేదీ గూడ తప్పైతది.
"పిన్నీ, ఇయ్యాల వద్దు" అన్న, చెవుల.
ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు మంచిగనిపియ్యదు.

నారాయణపేట ఆఫీసుల క్లర్కు అద్దాలు తీసి చూసిండు.
"ఇది అప్పు పుస్తకం గద, రుజువెట్లైతది?"
"అప్పిచ్చినోడు తేదీ తప్పు రాస్తడా సార్?"
ఆయన నవ్విండు. ముద్ర తీసిండు.
పుట్టిన జాగ కాడ మాత్రం 'స్వగృహం' అని రాయమన్నడు,
లేకుంటే ఫైలు ఆ రాష్ట్రం పోయి రావాలంట.
నల్లరాళ్ల మీది తాటిపత్రి కప్పును
నా చేతులతోనే స్వగృహం జేసిన.
పేరు పిల్లనే అడిగిన.
"మణెమ్మ," అన్నది. "'ణ' గట్టిగ రాయక్కా."

కాగితం ఇరవై నాలుగు దినాలకొచ్చింది.
ఆ బ్యాచి నిండిపోయింది.
శ్రావణంల ఇంకో బ్యాచికి తీసుకున్నరు.
పొద్దుగాల ఐదింటికి కంపెనీ బస్సు,
మెడల ఫోటో కార్డు.

మొన్న ఆశమ్మ ఒక్కతే వచ్చింది.
టోకెన్ తీసుకున్నది, వరుసల కూసున్నది,
వంతొచ్చినంక కిటికీ మీద రెండు చేతులు పెట్టింది.
"ఆ రెండు దినాల కూలి
తిరిగి అడగనీకె ఫారం ఏమన్న ఉన్నదా బిడ్డా?"

తెర మీద నూట అరవై సేవలున్నయి.
పై నుంచి కింది దాకా
ఒక్కొక్కటి చదువుతున్న.