ఉప్పు నెమలి

గంటస్తంభం వెనక సందులో మా ప్రెస్సు.
మాఘమాసపు తొక్కిసలాటలో
ఒక వత్తు ఎక్కడో జారిపోయింది.
"చి.ల.సౌ. పద్మ" అని ఉండాల్సిన చోట
"చి.ల.సౌ. పద" అని
నాలుగు వందల శుభలేఖలు.

ప్రూఫు చూసింది నేనే.

పెళ్ళివారు నవ్వలేదు.
ఓనరు నా జీతంలో కోసుకుని
కార్డులన్నీ నా సైకిలుకే కట్టించాడు,
చిత్తు లెక్కలకు పనికొస్తాయని.

ఒక వైపు పేర్లు, ముహూర్తం.
రెండో వైపు నెమలి.
ఒకే నెమలి, నాలుగు వందలసార్లు
మెడ అటే తిప్పి.

పక్క వాటా తవిటమ్మప్ప
ఆ కట్ట చూసి కత్తెర తీసింది.
"ఇయ్యి పారీకు బావూ.
అచ్చం ఒక్కలాటివి అయిదు దొరకడం ఏటనుకున్నావు!
అయిదుంటే గాని పిట్ట లెగవదు."

పదహారేళ్ళు ఆవకాయ మోసి
మూతి చిట్లి మూల కూర్చున్న జాడీ,
చీపురుపల్లి సంతలో కొన్నది,
దాన్ని చింతపండుతో తోమింది
ఎండలో బోర్లించింది
గరుకు కాగితంతో ఒళ్ళంతా రుద్దింది.
"నున్నటి దాని మీద ఏదీ నిలవదు."

నంబరు ప్లేట్లు రాసే గవరయ్య దగ్గర
డబ్బా అడుగున మిగిలిన నీలం.
మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం.

మొదటి నెమలి నిండుగా, జాడీకి అతుక్కుని.
రెండోదానికి కాళ్ళు లేవు.
మూడోది మెడా, రెక్కా.
నాలుగోది రెక్కలో నాలుగు ఈకలు.
అయిదో నెమలిలో తల మీది కుచ్చు ఒక్కటే
పనికొచ్చింది.
పొరకీ పొరకీ నడుమ
తెగిన హవాయి చెప్పు నుంచి కోసిన
పెసరగింజంత స్పాంజి ముక్కలు.
చెంచా వీపుతో రుద్దితే
ఈక వంగి గాలిని పట్టుకుంది.

పేర్లన్నీ లోపలి వైపుకి పోయాయి.
నా తప్పు నెమలి కడుపులో దాక్కుంది.
హమ్మయ్య అనుకున్నాను.

శ్రావణం ముసురు పట్టింది.
ఆరో రోజు పొద్దున
నెమలి రొమ్ము మీద తెల్లగా బూజు.
నీలం పొక్కులు లేచింది.
ఎవరూ ముట్టకుండానే ఒక ఈక
తనంతట తాను పైకి తిరిగింది.

అప్ప వేలితో ఆ తెలుపు అద్ది
నాలిక మీద వేసుకుంది.
కాసేపు కళ్ళు మూసుకుంది.
"ఉప్పురా.
ఆవ ఘాటు కూడా పోనేదు."

కడిగామనుకున్నాం.
రంగు వేశామనుకున్నాం.
జాడీ లోలోపల
పాత వేసవులన్నీ నెమరేస్తూనే ఉంది కాబోలు.

జిగురు సీసా పట్టుకుని వంగాను.
లేచిన ఈక వెనక
చిన్న బంగారు అక్షరాలు రెండు:
పద.

"ఒగ్గీ," అంది అప్ప, "అదే బాగుంది."

సీసాకు మూత పెట్టాను.
గోడ మీద టైము తొమ్మిది.
ప్రెస్సులో పంచాంగం ప్రూఫులు
ఎదురుచూస్తుంటాయి.
సీటు మీద వాన తుడిచి
సైకిలు తీశాను.