తొమ్మిదో పైపు

సోహార్ రేవులో రాత్రి రెండు గంటలు.
ఏసీ గదిల నేను, అద్దం అవతల
పన్నెండు చల్లటి కంటైనర్లు.
ఒకదాంట్ల బ్రెజిల్ కోళ్లు, ఒకదాంట్ల నాసిక్ ద్రాక్ష,
తొమ్మిదోదాంట్ల ఏముందో
కాగితం మీద అచ్చు సరిగ పడలే.

ఒక్కొక్కటి రాత్రంతా తన చలి ఎంతో రాసుకుంటది.
ఆ రాతల్ని చదివే పాత కమాండ్ ఒకటుంది,
ఎవరో ఫిలిప్పీన్స్ ఇంజనీరు వదిలిపోయింది.
దాన్ని పైథాన్ నుంచి పిలిచి పని చేయించుడే నా కొలువు.

మొదట్ల ఒకటి అయినంక ఒకటి పిలిచేటోణ్ణి.
క్యాంపుల ఒక్క నల్లా, పన్నెండు బకెట్లు.
ఆఖరివాడు మొఖం కడుక్కునేసరికి
బస్సు హారన్ కొట్టేది.

ఇప్పుడు పన్నెండింటినీ ఒక్కపారే వదులుత.
పోపెన్, పోపెన్, పోపెన్,
పిల్ల ప్రాసెస్‌లు ఎటుదటు ఉరుకుతయి.
ఒక్కోదానికి ఒక్కో నంబరు. పేరుండదు,
గేటు కాడ మాకు ఉన్నట్టే.

షెల్‌ను నమ్ముడు మానేసిన.
సాయిలు ఒకసారి ఫైలుకు పేరు పెట్టిండు,
"నీళ్లు కారుతున్నయ్ చూడుండ్రి" అని.
మాటకూ మాటకూ నడుమ సందు కనబడితే చాలు,
షెల్ తుంపులు తుంపులు చేసింది.
నీళ్లు అనే ఫైలు లేదన్నది.
కారుతున్నయ్ అనే ఫైలు లేదన్నది.
చూడుండ్రి అంటే, అదీ లేదన్నది.
అప్పటి సంది లిస్టుల కట్టి పంపుత,
ఒకని మాట ఒక్కటిగనే చేరాలని.

బడిల సున్నా అంటే గోడకుర్చీ.
ఇక్కడ సున్నా అంటే క్షేమం.
పని ముగిసిన పిల్ల సున్నా తెచ్చి చేతుల పెడ్తది.
ఒకటి, సున్నా. నాలుగు, సున్నా. పన్నెండు, సున్నా.
పదకొండు సున్నాలొచ్చినయి.
తొమ్మిది రాలే.

చావలే. లెక్కల ఉన్నది.
సీపీయూ ఒక్క చుక్క తాగుతలేదు.
నా ప్రోగ్రాము వెయిట్ అనే మాట మీద కూలబడి
దాని కోసం చూస్తున్నది.
అది ఎవరి కోసం చూస్తున్నదో తెల్వదు.
కరక్ చాయ్ రెండు గ్లాసులు తెప్పించుకున్న, నిద్ర ఆగడానికి.
ఒకటి తాగిన. రెండోదాని మీద మీగడ కట్టింది.

మూడుకు పది తక్కువ ఉండంగ తట్టింది.
తప్పులు చెప్పుకోను దానికి ఒక పైపు ఇచ్చిన.
ఇచ్చి, ఇటు కొసకు చెవి పెట్టలే.
అరవై నాలుగు కేబీ పట్టే పైపు.
అది చెప్పింది, చెప్పింది, పైపు నిండింది.
నిండినంక సగం మాట నోట్లెనే పట్టుకొని
నిలబడ్డది,
ఎవరన్న ఒక్క గుక్క తీసుకుంటే
తతిమ్మాది చెప్పుదామని.

వెయిట్ కొట్టేసి కమ్యూనికేట్ అని రాసిన.
ఎదురుచూసుడు కాదు, వినుడు.
మళ్లీ వదిలిన. కట్ట తెగింది:
కంప్రెసర్ వేడి, కంప్రెసర్ వేడి, కంప్రెసర్ వేడి
వేల వరుసలు, ఆదివారం నుంచి.

అద్దం అవతల సాయిలు.
తొమ్మిదో కంటైనర్ ప్లగ్గు కాడ గొంతుకూసున్నడు.
ఆదివారం ఈ కిటికీ కాడికే వచ్చిండు,
"సార్, గా తొమ్మిదోదాంట్ల..." అన్నడు.
చెవుల హెడ్‌ఫోన్లు తియ్యకుండనే
చెయ్యి ఊపిన, తర్వాత అని.
తర్వాత అంటే ఏ రోజో చెప్పలే.

తలుపు తీస్తే ఉప్పు ఆవిరి కళ్లద్దాలను కమ్మింది.
మీగడ కట్టిన గ్లాసు సాయిలు చేతుల పెట్టి పక్కన కూసున్న.
నా దిక్కు చూడలే. కంటైనర్‌నే చూసుకుంట
తెగిన కాడి నుంచే అందుకున్నడు:

"...బేరింగు అరిగింది సార్. గరగర అంటున్నది.
రేడియోల చెప్పిన. ఓటీ పైసలు రెండు నెలలవి రాలే,
గదీ చెప్పిన. దవడ పన్ను సలుపుతున్నది,
గది ఎవరికీ చెప్పలే."

లోపల స్క్రీన్ మీద తొమ్మిది
ఏదో ఒక నంబరు పట్టుకొని వచ్చే ఉంటది.
సున్నా అయితే కాదు.

టైమౌట్ రాయలే నేను.
సాయిలు ఇంకా చెప్తున్నడు.